ఆ నాలుగు స్క్రూల జోలికి వెళ్లేముందు

పోయిన వారం ఒకమ్మాయి ఫోన్ చేసింది. కృత్రిమ పాదం వేసుకోవడం మొదలుపెట్టి ఇంకా నాలుగు నెలలు కాలేదు. "అక్కా, రెండు రోజులుగా నడుస్తుంటే మోకాలు ముందుకు తోసుకుపోతోంది. చీలమండ దగ్గర చిన్న చిన్న స్క్రూలు ఉన్నాయి కదా, ఇంట్లో అలెన్ కీ ఉంది. కొంచెం తిప్పుకుంటే సర్దుకుంటుందా?" అని అడిగింది.

"వద్దమ్మా, ముట్టుకోకు" అన్నాను. గొంతు కాస్త పెద్దదైనట్టుంది, అటువైపు ఒక్క క్షణం మాట లేదు. కోప్పడ్డానని అనుకుందేమో. కోపం కాదు, భయం. ఆ పని నేను ఒకసారి చేశాను.

నాకు ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. రోడ్డు ప్రమాదంలో పోయింది, తొమ్మిదేళ్లయింది. మిగిలిన భాగాన్ని ఆసుపత్రిలో స్టంప్ అంటారు. నేను మాత్రం 'నా కాలు' అనే అంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. బడిలో లెక్కలు చెబుతాను. రోజుకి ఐదు పీరియడ్లు, అందులో ఎక్కువసేపు బోర్డు దగ్గర నిలబడే ఉంటాను.

ఆరేళ్ల కిందట ఒక సమావేశానికి వెళ్లాల్సి వచ్చి కొత్త షూ కొనుక్కున్నాను. చూడటానికి పెద్ద ఎత్తువేమీ కావు. వేసుకుని నాలుగడుగులు వేయగానే, చదునైన నేల మీదే ఉన్నా పల్లంలోకి దిగుతున్నట్టు అనిపించింది. మడమ నేలకి ఆనడం ఆలస్యం, మోకాలు ముందుకు వంగిపోతోంది. పాదమే ఎక్కడో వదులైందనుకున్నాను. మా ఆయన టూల్‌బాక్స్‌లోంచి అలెన్ కీ తీసి, ఒక స్క్రూ కొంచెం వదులు చేసి, దానికి ఎదురుగా ఉన్నది బిగించాను. లేచి నిలబడితే హాయిగా ఉంది. ఎవరి సాయం లేకుండా బాగుచేసుకున్నానని ఆ రాత్రి చాలా సంతోషపడ్డాను.

మర్నాడు పాత షూ వేసుకుని బడికి వెళ్లాను. అంతా తిరగబడింది. వరండాలో నడుస్తుంటే ఎత్తు ఎక్కుతున్నట్టుంది, మోకాలిని ఎవరో వెనక్కి నెడుతున్నట్టుంది. సాయంత్రానికి మోకాలి వెనక ఒకటే సలుపు. రాత్రి మళ్లీ కీ తీసి తిప్పాను. మూడో రోజు మధ్యాహ్నం మెట్లు దిగుతుంటే, కింద నుంచి మూడో మెట్టు మీద, పాదం కటుక్కుమని పక్కకి కదిలింది. రెయిలింగ్ పట్టుకునే దిగుతున్నాను కాబట్టి పడలేదు. ఇంటికొచ్చి విప్పి చూస్తే నా కాలి ముందువైపు, ఎముక చివర, చర్మం కమిలి బొబ్బ లేచి ఉంది. అది మానేదాకా పదకొండు రోజులు పాదం వేసుకోలేదు. చంకకర్రలతోనే బడికి వెళ్లాను.

నాకు పాదం అమర్చిన ప్రోస్థెటిస్ట్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ స్క్రూల వైపు చూడనే లేదు. "ఏ షూ వేసుకున్నారు?" అని అడిగారు. రెండు జతలూ తీసుకెళ్లాను. ఒక స్కేలుతో రెండు చోట్ల కొలిచారు. మడమ కింద అడుగు మందం ఎంత, వేళ్ల మొదట్లో, అంటే పాదం వంగే చోట ఎంత. కొత్తవాటిలో మడమ దగ్గర 32 మిల్లీమీటర్లు, ముందు 10. తేడా 22. పాతవాటిలో 20, 10. తేడా 10. నా పాదం కోణాన్ని సరిచేసి బిగించింది ఆ 10కి. "పాదం బాగానే ఉందండీ. కొత్త షూ మడమని 12 మిల్లీమీటర్లు పైకి లేపింది, అంతే" అన్నారు.

అది విన్నాక నాకు విషయం బోధపడింది. సొంత పాదానికి ఎత్తు మడమల చెప్పులు తొడిగితే చీలమండ తనంతట తానే వంగి సర్దుకుంటుంది, మనకి తెలియను కూడా తెలియదు. నాలాంటి వాళ్లు వాడే మామూలు కృత్రిమ పాదంలో రబ్బరు మడమ కాస్త నలుగుతుంది, కార్బన్ ఫైబర్ పలక కాస్త వంగి మళ్లీ లేస్తుంది. నిలువునా ఉన్న గొట్టానికీ పాదానికీ మధ్య కోణం మాత్రం బిగించినట్టే ఉంటుంది. మడమ పైకి లేస్తే గొట్టం, నా కాలు దూర్చే గట్టి గిన్నె లాంటి సాకెట్, మోకాలు అన్నీ కలిసి ముందుకు ఒరుగుతాయి. మడమ కిందికి దిగితే అన్నీ వెనక్కి వాలతాయి. చెప్పుల్లేకుండా ఇంట్లో తిరగడం కూడా ఈ లెక్కలో షూ మార్చడమే. చాలామంది ఈ ఒక్క సంగతి గమనించరు. బయట బాగానే ఉంటుంది, ఇంటికొచ్చి షూ విప్పగానే మోకాలు నొప్పి అంటారు. నేను ఇంట్లో వేసుకోవడానికి కూడా అదే 10 మిల్లీమీటర్ల తేడా ఉన్న జత ఒకటి పెట్టుకున్నాను. బటన్ నొక్కి మడమ ఎత్తు మార్చుకునే పాదాలు కూడా వచ్చాయి. అవి ఉన్నవాళ్లు షూ మార్చిన ప్రతిసారీ కూర్చుని సర్దుకుని, లాక్ పడిందని చేత్తో కదిపి చూసుకున్నాకే లేవాలి.

ఇప్పుడు నా పర్సులో చిన్న స్కేలు ఉంటుంది. షూ కొనేముందు కొలుస్తాను. పైకి చదునుగా కనిపించే షూల లోపల కూడా మడమ దగ్గర ఎత్తు ఎక్కువ పెడతారు, కంటికి తెలియదు. తేడా 10కి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే వేసుకుని నడిచి చూస్తాను. అంతకు మించితే, ఎంత నచ్చినా వదిలేస్తాను. పాత షూ మడమ ఒక పక్కకి అరిగిపోయినా కోణం మారినట్టే. అందుకని నెలకోసారి రెండు షూలనీ బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తాను.

ఆ స్క్రూల సంగతి కూడా చెప్పాలి. అవి నాలుగూ ఒక చిన్న పిరమిడ్ ఆకారపు లోహపు ముక్కని నాలుగు వైపుల నుంచి పట్టుకుని ఉంటాయి. ఒకటి వదులు చేసి ఎదుటిది బిగిస్తే పాదం అటో ఇటో వంగుతుంది. అంతవరకు నేను కనిపెట్టింది నిజమే. నాకు తెలియంది బిగువు సంగతి. ఆవిడ టార్క్ రెంచ్ వాడతారు, అనుకున్న బిగువు రాగానే అది టక్కుమంటుంది. నా పాదానికి తయారీదారు రాసింది 15 న్యూటన్ మీటర్లు, వేరే పాదానికి వేరేగా ఉండొచ్చు. బిగించేముందు మర మీద జిగురు చుక్క వేస్తారు, నడిచే అదురుకి స్క్రూ తిరిగి రాకుండా. అలెన్ కీతో నా చేతికి గట్టిగా అనిపించినంత బిగించాను కానీ రోజుకి కొన్ని వేల అడుగుల అదురుని అది తట్టుకోలేదు. ఇంకొకటి, కోణం మార్చాక ఆవిడ నన్ను నడిపించి ముందు నుంచి, పక్క నుంచి చూస్తారు. నా నడక నేను చూసుకోలేను కదా. నిలబడినప్పుడు హాయిగా ఉన్న కోణం నడకలో మోకాలిని పాడుచేయొచ్చు, నాకు జరిగింది అదే.

షూ కాదని తేలితే నేను తర్వాత చూసేది సాక్సులు, అంటే సాకెట్ వదులు కాకుండా నా కాలికి తొడుక్కునేవి.

మన కాలు పొద్దున ఉన్న లావు సాయంత్రం ఉండదు. రాత్రంతా విప్పి ఉంచుతాం కాబట్టి పొద్దున కాస్త ఉబ్బి ఉంటుంది. సాకెట్‌లో నడిచేకొద్దీ నీరు తగ్గి సన్నబడుతుంది. సాకెట్ మాత్రం అదే కొలత. నాది లైనర్ అడుగున, అంటే కాలికి నేరుగా తొడిగే మెత్తటి తొడుగు అడుగున, పిన్ ఉండే రకం. నిలబడి బరువు వేస్తే పిన్ లోపలికి దిగుతూ టక్ టక్ మంటుంది. పొద్దున ఐదు చప్పుళ్లు. రెండు పీరియడ్లు అయ్యాక ఖాళీగా ఉన్న స్టాఫ్‌రూమ్‌లో ఒకసారి బరువు వేసి చూస్తే ఇంకో రెండు వినిపిస్తాయి. అంటే నేను పిన్ మీది రెండు పళ్ల మేర కిందికి జారానన్నమాట. అప్పుడు విప్పి, ఒక సాక్సు కలుపుతాను. ఈ సాక్సుల మందాన్ని ప్లైలలో చెబుతారు, నా దగ్గర ఒక ప్లై, మూడు ప్లైలు, ఐదు ప్లైలవి ఉన్నాయి. మొదట ఒకటి కలిపి నడిచి చూస్తాను, చాలకపోతే మూడు.

తక్కువైతే ఎముక చివర సాకెట్ అడుగుకి కొట్టుకుంటుంది, మోకాలిచిప్ప కింద అంచు ఒత్తుతుంది, ఆ కాలు పొట్టి అయినట్టు నడుము వంగుతుంది. అడుగెత్తినప్పుడు సాకెట్ కిందికి జారి, దించినప్పుడు పైకి తోసుకొస్తుంటే అదీ వదులే. ఎక్కువైతే కాలు లోపలికి పూర్తిగా దిగదు, పిన్ అందదు, మోకాలి పక్కన బయటివైపు ఉండే గుండ్రటి ఎముక దగ్గర మంట పుడుతుంది. ఈ రెండు రకాల నొప్పులూ తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మొదటి ఏడాది నాకు తెలియక, నొప్పి వచ్చిన ప్రతిసారీ పాదం సరిగా కుదరలేదనుకుని ఏడ్చేదాన్ని. ఒక మూడు ప్లైల సాక్సుతో తీరిపోయే బాధ అది. మొత్తం పది ప్లైలు దాటుతుంటే సాక్సులు కలుపుతూ పోకుండా సాకెట్ చూపించుకోమని ఆవిడ చెప్పారు. నాకు రెండో ఏడాది అలాగే కొత్త సాకెట్ పడింది.

పిన్ ఉన్నవాళ్లకి ఒక జాగ్రత్త. సాక్సు అడుగున పిన్ కోసం రంధ్రం ఉంటుంది, దాని అంచు పిన్ మీదికి రాకుండా చూసుకోవాలి. ఒకసారి గుడ్డ పిన్‌తో పాటు లాక్‌లోకి వెళ్లి ఇరుక్కుంది, బటన్ ఎంత నొక్కినా కాలు బయటికి రాలేదు. రెండు గంటలు అలా కూర్చుండిపోయాను. లైనర్ కూడా తిరగేసి, అడుగుని కాలి చివరకి ఆనించి, మధ్యలో గాలి లేకుండా పైకి దొర్లించాలి. చివర గాలి బుడగ మిగిలితే ప్రతి అడుగుకీ చర్మాన్ని పీలుస్తుంది, సాయంత్రానికి బొబ్బ.

ఇక మూడోది చర్మం. రోజూ రాత్రి చూడాల్సింది కూడా ఇదే.

సొంత పాదం ఉన్నప్పుడు రాయి గుచ్చుకుంటే అదే చెప్పేది. ఈ పాదం ఏమీ చెప్పదు. గాజు పెంకు మీద అడుగేసినా నాకు తెలియదు. నేల వార్త ఏదైనా సాకెట్ గోడల మీదుగా నా కాలి చర్మానికి చేరాల్సిందే, అక్కడా ప్రమాదం తర్వాత ఒక పక్క స్పర్శ తక్కువ. అందుకని అద్దంతో వెతుక్కుంటాను. పిడి ఉన్న చిన్న అద్దం పెట్టి అడుగు, వెనక, మోకాలి మడత అన్నీ చూస్తాను. ఎర్రగా ఉండటం తప్పు కాదు, బరువు మోసే చోట ఎరుపు వస్తుంది. విప్పాక పది పదిహేను నిమిషాల్లో మామూలు రంగుకి రావాలి. ఇరవై నిమిషాలు దాటినా తగ్గకపోతే, లేదా ఎముక పైకి తేలి ఉన్న చోట ఎరుపు ఉంటే, మర్నాడు వేసుకునే సమయం తగ్గిస్తాను. చర్మం చీలినా, నీరు కారినా, వేడిగా ఉన్నా అసలు వేసుకోను, డాక్టర్‌కి చూపిస్తాను. అప్పుడు లేచిన ఆ బొబ్బ నన్ను పదకొండు రోజులు పాదానికి దూరం చేసిందని మర్చిపోను.

స్నానం రాత్రే చేస్తాను. పొద్దున వేడినీళ్లు పోసుకుంటే చర్మం నాని, కాలు ఉబ్బి లైనర్ సరిగా ఎక్కదు. లైనర్‌ని కూడా రోజూ రాత్రి వాసన లేని సబ్బుతో కడిగి, సబ్బు ఏమాత్రం మిగలకుండా నీళ్లు పోసి, నీడలో ఆరబెడతాను. వేసుకునేముందు క్రీములేవీ రాయను, రాస్తే రాత్రి పడుకునేటప్పుడే. నా కాలి మీద వెంట్రుకలు గీయడం కూడా మానేశాను, మొలిచే వెంట్రుక చర్మం లోపలికి తిరిగి గడ్డ కట్టింది ఒకసారి. ఎండలో, చెమట పట్టే రోజుల్లో మధ్యాహ్నం ఒకసారి విప్పి, తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ వేసుకుంటాను. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు అడగడానికి మొహమాటపడిన రోజులు ఉన్నాయి, ఇప్పుడు పడను.

ఇంతవరకు చెప్పిందంతా పాదం వేసుకుని ఉన్నప్పటి సంగతి. నేను నిజంగా దెబ్బ తిన్నది పాదం లేనప్పుడు.

ఆపరేషన్ అయిన మూడో నెల. అర్ధరాత్రి దాహం వేసి లేచాను. నిద్రమత్తులో దుప్పటి కింద నా రెండు పాదాలూ ఉన్నాయి. ఎడమ పాదం వేళ్లు దురద పెడుతున్నాయి కూడా. లేని అవయవం ఉన్నట్టు తెలియడం కాలు తీసేసిన వాళ్లలో చాలామందికి ఉంటుంది, మెదడు ఇంకా ఆ కాలిని తన లెక్కలోంచి తీసేయదు. ఆ లేని పాదాన్ని నేల మీద పెట్టి లేచి నిలబడ్డాను. కుట్లు మానుతున్న చోటు నేరుగా నేలకి తగిలింది. ఆ నొప్పి గురించి రాయలేను. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలేదాకా మా ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

అప్పటి నుంచి మంచానికి నేను దిగే వైపు ఒక కుర్చీ అడ్డంగా ఉంటుంది, దాని మీద చంకకర్రలు ఉంటాయి. మత్తులో కాలు దించినా ముందు కుర్చీ తగులుతుంది, మెలకువ వస్తుంది. దీపం స్విచ్ చేతికందే దూరంలో పెట్టించుకున్నాను. తొమ్మిదేళ్లయినా ఆ కుర్చీ తీయలేదు. ఈ మధ్య కూడా ఒక రాత్రి అది నన్ను ఆపింది. ఒంటికాలి మీద గెంతుకుంటూ రెండడుగులే కదా అని బాత్‌రూమ్‌కి వెళ్లడం కూడా వద్దు. తడి నేల మీద ఉన్న ఒక్క కాలూ జారితే ఆపుకోవడానికి రెండోది లేదు. లోపల స్టూలు, గోడకి పట్టుకునే కమ్మీ పెట్టించుకోండి. నీళ్లలో వాడదగిన పాదమని రాసి ఉంటే తప్ప దానితో స్నానానికి వెళ్లకండి.

మెట్ల సంగతి అందరూ నేర్పిస్తారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కృత్రిమ పాదం ముందు, ఒక చెయ్యి రెయిలింగ్ మీద. పుస్తకాల కట్ట ఉంటే ఒకే చేత్తో పట్టుకోగలిగినంతే తీసుకెళతాను, మిగతావి పిల్లలు తెస్తారు. పల్లంలో అడుగులు చిన్నవి వేస్తాను, మరీ ఏటవాలుగా ఉంటే పక్కకి తిరిగి దిగుతాను.

పాదాన్ని వారానికోసారి షూ విప్పి చూడాలి. పైన ఉండే రబ్బరు తొడుగు చిరిగితే ఇసుక లోపలికి వెళ్లి పలకని అరగదీస్తుంది. కొత్త చప్పుడు ఏది వచ్చినా పట్టించుకోండి. కిర్రుమంటే చాలాసార్లు తొడుగుకీ పలకకీ రాపిడి, కటుక్కుమంటే ఏదో వదులైంది. రెండో రకం చప్పుడు వస్తే నేను ఆ రోజు నడక ఆపేస్తాను. పాదాన్ని మన బరువుని బట్టి, తిరుగుడుని బట్టి ఎంచి ఇస్తారు కాబట్టి బరువు బాగా పెరిగినా చెప్పాలి. షూ తొడగడానికి పాదం మెలితిప్పకండి. పాదం మీద పల్చటి ప్లాస్టిక్ సంచి వేసి, షూ హార్న్‌తో జార్చి, తర్వాత సంచి లాగేస్తే సులువు. నేను పాదం వేసుకోకముందే దాన్ని ఒళ్లో పెట్టుకుని ఈ పని చేస్తాను.

ఉన్న పాదాన్ని కూడా చూసుకోండి. అది ఇప్పుడు తన వాటాకి మించి మోస్తోంది. షుగర్ ఉన్నవాళ్లయితే రోజూ దాని అరికాలు, వేళ్ల సందులు కూడా అదే అద్దంలో చూడాలి.

నాకు బాగా పనికొచ్చింది ఒక నోటుబుక్కు. తేదీ, ఏ షూ, పొద్దున ఎన్ని ప్లైలు, మధ్యాహ్నం ఎన్ని, నొప్పి ఎక్కడ, ఏ గంటకి. ప్రోస్థెటిస్ట్ దగ్గరికి వెళ్లి "ఏదోలా ఉందండీ" అంటే ఆవిడ మాత్రం ఏం చేయగలరు? "మధ్యాహ్నం మూడు దాటాక, మూడు ప్లైలు కలిపినా, బయటివైపు ఎముక దగ్గర మంట" అంటే నేరుగా అక్కడికే వెళతారు. సాకెట్ లోపల ఆ చోట కాస్త చెక్కించుకుని నేను అరగంటలో ఇంటికొచ్చిన రోజు ఉంది.

ఫోన్ చేసిన అమ్మాయి రాత్రికి కొలతలు పంపింది. మడమ 31, ముందు 9. వారం కిందటే కొన్న షూ అట. పాదం పెట్టించుకున్నప్పుడు వేసుకున్నవి ఏవని అడిగితే, అవి బీరువా కింద ఉన్నాయంది. వాటి కొలత 19, 9.

"ఆ పాతవి తీసి తుడిచి పెట్టుకో. రేపు పొద్దున అవే వేసుకుని గోడ పక్కన పది అడుగులు నడిచి ఫోన్ చెయ్యి" అన్నాను. "అలెన్ కీ?" అంది. మీ నాన్నకి ఇచ్చేయమన్నాను.

పొద్దున ఏడున్నరకి ఫోన్ వచ్చింది. మోకాలు తోయడం లేదట. విప్పాక ఎముక చివర ఎర్రగా ఉందా అని అడిగాను. చూసి చెబుతానని, ఫోన్ పెట్టకుండానే అద్దం కోసం వెళ్లింది.